మర్మరం పెద్దదైతే జబ్బు పెద్దదా?

"మీ అమ్మాయి గుండెలో ఏదో శబ్దం వినిపిస్తోంది" అని వైద్యుడు చెప్పినప్పుడు కుటుంబాలు సాధారణంగా రెండు విధాలుగా ప్రవర్తిస్తాయి. కొందరు ఆ రాత్రే అప్పు చేసి, ఉన్న ఒక్క పాడిగేదెను బేరానికి పెట్టి, తెల్లవారేసరికి హైదరాబాదు బస్సెక్కుతారు. మరికొందరు "పిల్ల ఆడుతోంది, పాడుతోంది, అన్నం తింటోంది, దానికేం జబ్బు?" అని ఆ చీటీని ఏ పెట్టెలోనో పడవేసి మరచిపోతారు. మొదటి కుటుంబంలోని బిడ్డకు తరచుగా ఏ జబ్బూ ఉండదు. రెండవ కుటుంబంలోని బిడ్డకు ఒక్కొక్కసారి గుండె కవాటం ఏడాదికేడాది బిగుసుకుపోతూ ఉంటుంది.

ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే. గుండెలో వినిపించే అదనపు శబ్దాన్ని, అనగా మర్మరాన్ని, మనం ఒక జబ్బు పేరుగా భావిస్తున్నాము. జ్వరం వలె, దగ్గు వలె మర్మరం కూడా ఒక లక్షణం మాత్రమే. అది హృదయ స్పందనలో ఏ దశలో వస్తోంది, ఛాతీపై ఏ చోట వినిపిస్తోంది, ఎంతసేపు నిలుస్తోంది, ఎటువైపు ప్రాకుతోంది అన్నవి తెలిస్తే గాని దాని అర్థం బోధపడదు. ఎంత బిగ్గరగా ఉన్నదన్నది ఈ ప్రశ్నలన్నింటిలోనూ తక్కువ విలువ గలది.

పాత వరంగల్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న విడివడి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పాఠకులను ముఖ్యంగా దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ మూడు జిల్లాలలో కవాట వ్యాధులను సకాలంలో పట్టుకోవడానికి కావలసిన సాధనాలు చాలావరకు ఇప్పటికే మన చేతిలో ఉన్నాయి. లోపించినవి మూడు: స్థిమితంగా వినే అలవాటు, విన్నదానిని నమోదు చేసే క్రమం, అనుమానం కలిగినవారిని ఎకో పరీక్ష దాకా చేర్చే ఏర్పాటు.

తూము దగ్గరి నీటి చప్పుడు

గుండెలో నాలుగు గదులు, నాలుగు కవాటాలు ఉన్నాయన్నది చాలామందికి తెలిసిన విషయమే. ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు నడుమ ఉన్నది ద్విపత్ర కవాటం. దీనినే వైద్యులు మైట్రల్ వాల్వ్ అంటారు. కుడివైపు అదే స్థానంలో ఉన్నది త్రిపత్ర కవాటం. ఎడమ జఠరిక నుండి దేహమంతటికీ రక్తం వెళ్ళే ద్వారంలో బృహద్ధమని కవాటం, కుడి జఠరిక నుండి ఊపిరితిత్తులకు వెళ్ళే ద్వారంలో పుపుస ధమని కవాటం ఉంటాయి. రోజుకు సుమారు లక్షసార్లు ఈ తలుపులు తెరుచుకొని మూసుకుంటాయి. మైట్రల్, త్రిపత్ర కవాటాలు మూసుకున్నప్పుడు 'లబ్' అనే మొదటి శబ్దం, మిగిలిన రెండు కవాటాలు మూసుకున్నప్పుడు 'డబ్' అనే రెండవ శబ్దం పుడతాయి. లబ్‌కు డబ్‌కు మధ్య కాలం గుండె ముడుచుకునే సంకోచ దశ. డబ్ తరువాత మళ్ళీ లబ్ వచ్చేవరకు గుండె విప్పారి రక్తం నింపుకునే వికాస దశ. ఆరోగ్యవంతుని గుండెలో ఈ రెండు విరామాలూ దాదాపు నిశ్శబ్దంగా ఉంటాయి. ఆ నిశ్శబ్దంలో వినిపించే 'హుష్' వంటి, గరగర వంటి, ఈల వంటి ధ్వనే మర్మరం.

చెరువు తూము దగ్గర నిలబడినవారికి దీనిని వేరే వివరించనక్కరలేదు. తూము పూర్తిగా తెరిచి ఉంటే నీరు నిండుగా, నెమ్మదిగా సాగిపోతుంది. సగం మూస్తే హోరుమంటుంది. ఇంకా బిగించి చిన్న సందు మాత్రమే మిగిల్చితే పారే నీరే తగ్గిపోయి చప్పుడు కూడా సన్నగిల్లుతుంది. పొలానికి నీరు అందనిది ఆ చివరి స్థితిలోనే. మూసిన తలుపు సరిగా అతుక్కోకపోతే నీరు వెనుకకు కారుతూ మరొక రకమైన చప్పుడు చేస్తుంది. గుండె కవాటాలకు వచ్చే జబ్బులు కూడా ప్రధానంగా ఈ రెండే: సరిగా తెరుచుకోకపోవడం, సరిగా మూసుకోకపోవడం.

బిగ్గరతనానికీ తీవ్రతకూ పొత్తు లేదు

మర్మరాల బిగ్గరతనాన్ని 1 నుండి 6 వరకు అంకెలతో సూచించే పద్ధతిని అమెరికా వైద్యుడు శామ్యూల్ లెవీన్ 1933లో ప్రవేశపెట్టాడు. నేటికీ కేసు షీట్లలో అదే వాడుకలో ఉంది. ఆ అంకెను చూసి జబ్బు తీవ్రతను లెక్కించడం మాత్రం పొరపాటు. రెండు జఠరికల నడుమ గోడలో చిన్న రంధ్రంతో పుట్టిన బిడ్డ గుండె ఛాతీపై చేయి వేస్తేనే తెలిసేటంత పెద్ద శబ్దం చేయవచ్చు. అటువంటి చిన్న రంధ్రాలలో అనేకం కాలక్రమాన వాటంతటవే పూడుకుపోతాయి. ఫ్రెంచి వైద్యుడు ఆన్రీ రోజే ఈ సంగతిని 1879లోనే వర్ణించాడు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణలు మరింత ముఖ్యమైనవి. బృహద్ధమని కవాటం బాగా సన్నబడిన వృద్ధునిలో మొదట గట్టిగా వినిపించిన మర్మరం గుండె అలసి నీరసించిన కొద్దీ మెత్తబడుతుంది. "శబ్దం తగ్గింది, నయమవుతోంది" అని సంతోషించే సమయం కాదది. మైట్రల్ కవాటాన్ని పట్టి ఉంచే తంత్రులలో ఒకటి హఠాత్తుగా తెగితే ఊపిరితిత్తులు నీటితో నిండి రోగి ఉక్కిరిబిక్కిరి అవుతాడు గాని, మర్మరం క్లుప్తంగా, మెత్తగా ఉండి చెవికి అందకపోవచ్చు. మైట్రల్ కవాటం సన్నబడిన జబ్బులో తీవ్రతను చెప్పేది మర్మరం ఎంతసేపు సాగుతోంది అన్నది. వికాస దశ పొడవునా సాగితే ద్వారం బాగా ఇరుకైనదని అర్థం. గుండె లయ తప్పి రక్తప్రవాహం మరీ మందగించినప్పుడు ఆ మర్మరం పూర్తిగా మాయం కావడం కూడా కద్దు.

ఏవి నిరపాయకరం, ఏవి కావు?

బడి ఈడు పిల్లలలో చాలామందికి ఏ జబ్బూ లేకుండానే ఎప్పుడో ఒకప్పుడు మర్మరం వినిపిస్తుంది. ఆంగ్ల శిశువైద్యుడు జార్జ్ స్టిల్ 1909లో వర్ణించిన మర్మరం వాటిలో ప్రసిద్ధమైనది. అది బిగించిన తీగను మీటినట్లు కమ్మగా, క్లుప్తంగా సంకోచ దశలో వినిపిస్తుంది. పిల్లవాడు పడుకున్నప్పుడు స్పష్టంగా ఉండి, లేచి కూర్చుంటే తగ్గుతుంది. జ్వరంలోనూ రక్తహీనతలోనూ రక్తం వేగంగా ప్రవహించడం వలన ఇటువంటి మెత్తని శబ్దాలు వస్తాయి. మన తండాలలో, గూడేలలో రక్తహీనత ఎంత సామాన్యమో నేను చెప్పనవసరం లేదు. గర్భిణులలో కూడా మెత్తని సంకోచ మర్మరం సహజం.

అయితే ఒక సూత్రాన్ని ప్రతి ఆరోగ్య కార్యకర్త గుర్తుంచుకోవాలి. వికాస దశలో వినిపించే మర్మరాన్ని ఎన్నడూ సహజమైనదిగా భావించరాదు. అది ఎంత మెత్తగా ఉన్నా ఎకో పరీక్ష జరగవలసిందే. సంకోచ మర్మరం కూడా బిగ్గరగా ఉన్నా, దశ పొడవునా సాగినా, చంక వైపు గాని మెడ వైపు గాని ప్రాకినా, ఆయాసం, మూర్ఛ, గుండెదడ, పెదవులు నీలమవడం, ఎదుగుదల తగ్గడం వంటి లక్షణాలతో కలిసి ఉన్నా పరీక్ష తప్పదు.

ఈ ప్రాంతపు అసలు సమస్య

ధనిక దేశాలలో కవాట వ్యాధి అనగానే వృద్ధాప్యంలో సున్నం పేరుకొని గట్టిపడిన బృహద్ధమని కవాటం గుర్తుకు వస్తుంది. మన వద్ద కూడా ఆయుర్దాయం పెరిగిన కొద్దీ అది పెరుగుతోంది. కాని చిన్న వయసులో కవాటాలను పాడుచేసే ప్రధాన కారణం నేటికీ రుమాటిక్ జ్వరమే. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వలన గొంతునొప్పి వస్తుంది. రెండు మూడు వారాల తరువాత కొందరు పిల్లలలో జ్వరంతో మోకాళ్ళు, చీలమండలు, మోచేతులు ఒకదాని తరువాత ఒకటి వాచి నొప్పి చేస్తాయి. సూక్ష్మజీవిపై యుద్ధానికి సిద్ధమైన రోగనిరోధక శక్తి పొరబడి సొంత దేహంపైనే దాడి చేయడం దీనికి కారణం. కీళ్ళ నొప్పులు కొద్ది వారాలలో జాడ లేకుండా పోతాయి. గుండె కవాటంపై పడిన మచ్చ మాత్రం మిగిలిపోతుంది. ప్రపంచవ్యాప్తంగా ఈ రుమాటిక్ గుండె జబ్బుతో 4 కోట్ల మందికి పైగా జీవిస్తున్నారని, ఏటా సుమారు 3 లక్షల మంది మరణిస్తున్నారని అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. ఇరుకు ఇళ్ళు, కిక్కిరిసిన వసతి గృహాలు, గొంతునొప్పికి సరైన వైద్యం అందకపోవడం దీనికి అనుకూల పరిస్థితులు.

ఇక్కడ మనం గర్వంగా తలచుకోవలసిన తెలుగువారు ఒకరున్నారు. శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులైన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు. డాక్టర్ సుజయ్ రాయ్ ప్రభృతులతో కలిసి ఆయన 1963లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. పాశ్చాత్య దేశాలలో రుమాటిక్ జ్వరం తరువాత కవాటం తీవ్రంగా సన్నబడడానికి దశాబ్దాలు పడుతుండగా, భారతదేశంలో 20 ఏళ్ళు నిండని వారిలోనే అది తీవ్రరూపం దాలుస్తోందని వారు చూపించారు. వారి వ్యాసం వచ్చి 60 ఏళ్ళు దాటినా, "ఇంత చిన్న పిల్లకు గుండెజబ్బు ఏమిటి?" అనే మాట మన ఊళ్ళలో ఇంకా వినిపిస్తూనే ఉంది.

కొన్ని విచిత్ర మర్మరాలు, వాటి సందేశాలు

వైద్య విద్యార్థులు పరీక్షల కోసం వల్లించి మరచిపోయే కొన్ని మర్మరాలకు నిజజీవితంలో గొప్ప ప్రయోజనం ఉంది.

బ్రిస్టల్ నగర వైద్యుడు కేరీ కూంబ్స్ పేరు మీదుగా పిలిచే మర్మరం రుమాటిక్ జ్వరం చురుకుగా ఉన్న రోజులలో వాచిన మైట్రల్ కవాటం వలన వికాస దశ మధ్యలో క్లుప్తంగా వినిపిస్తుంది. వాపు తగ్గితే అదృశ్యమవుతుంది. కీళ్ళ నొప్పులతో వచ్చిన బిడ్డ ఛాతీని ఆ వారంలోనే వినకపోతే గుండె ఇచ్చిన తొలి హెచ్చరిక చేజారిపోతుంది.

ఆస్టిన్ ఫ్లింట్ అనే అమెరికా వైద్యుడు 1862లో ఒక వింతను వివరించాడు. బృహద్ధమని కవాటం కారుతున్న కొందరిలో మైట్రల్ కవాటం బాగానే ఉన్నా, అది సన్నబడినట్లుగా గరగర వినిపిస్తుంది. వెనుకకు దూకే రక్తధార మైట్రల్ కవాటపు రేకను ఒత్తడం దీనికి కారణమని సాధారణంగా చెబుతారు. రుమాటిక్ జ్వరం మెండుగా ఉన్న మన ప్రాంతంలో రెండు కవాటాలూ నిజంగానే చెడి ఉండవచ్చు గనుక, ఇక్కడ చెవి ప్రశ్నను మాత్రమే లేవనెత్తగలదు. జవాబు ఎకో చెప్పాలి.

మాంచెస్టర్ వైద్యుడు గ్రాహం స్టీల్ 1888లో వర్ణించిన మర్మరం, మైట్రల్ జబ్బు ముదిరి ఊపిరితిత్తుల రక్తనాళాలలో పీడనం పెరిగినప్పుడు పుపుస ధమని కవాటం కారడం వలన వస్తుంది. ఆలస్యం చేయరాదని దాని అర్థం.

ఫ్రాన్స్‌లోని లియోన్ నగర వైద్యుడు గలవార్డిన్ వృద్ధులలో మరొక చిత్రాన్ని గమనించాడు. సన్నబడిన బృహద్ధమని కవాటపు శబ్దం మెడ దగ్గర గరుకుగా, గుండె కొన దగ్గర సంగీతంలా వినిపించి, అక్కడ వేరే జబ్బు ఉన్నట్లు భ్రమింపజేస్తుంది. నడిస్తే ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం ఉన్న 70 ఏళ్ళ పెద్దలలో దీనిని "వయసు మీద పడింది" అని వదలివేయకూడదు.

జొహానెస్‌బర్గ్ వైద్యుడు జాన్ బార్లో 1963లో వివరించినది మరొకటి. సంకోచ దశ మధ్యలో 'టిక్' మని ఒక చిటుకు, దాని వెంట ఒక మర్మరం. నిలబడితే ఆ చిటుకు ముందుకు జరుగుతుంది, గొంతుక్కూర్చుంటే వెనుకకు జరుగుతుంది. మైట్రల్ రేకలు వదులై కర్ణికలోకి ఉబుకుతున్నాయని దాని అర్థం. ఎక్కువమందిలో ఇది సాధుస్వభావం గలదే.

ఇక పావురం కూత వలె, కొంగ అరుపు వలె రాగం తీసే మర్మరం అకస్మాత్తుగా ప్రారంభమైతే, కవాటపు రేక చిరిగిందో, దానికి రంధ్రం పడిందో అని శంకించాలి. వారాల తరబడి జ్వరం వస్తూ, కొత్త మర్మరం పుట్టినా, ఉన్న మర్మరం స్వరం మారినా, కవాటానికి సూక్ష్మజీవులు పట్టాయేమోనని వెంటనే పరీక్షించాలి. అటువంటి రోగికి రక్తపరీక్ష కోసం నమూనా తీయకముందే ఊరిలో రకరకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇవ్వడం వలన సూక్ష్మజీవిని గుర్తించడం కష్టమవుతుంది.

'దమ్ము' అని పిలవబడే జబ్బు

మన ప్రాంతంలో ఆయాసాన్ని 'దమ్ము' అంటారు. పత్తి ఏరుతూ, మిరపకాయలు కోస్తూ ఒక ఇరవైరెండేళ్ళ ఇల్లాలికి దమ్ము వస్తే ముందుగా ఆరెంపీ దగ్గరకు వెళుతుంది. ఉబ్బసమని ఒక సూది, కొన్ని మాత్రలు దొరుకుతాయి. రాత్రి పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చుంటుంది. దగ్గులో ఒకసారి రక్తపు జీర కనబడితే క్షయ అనుకుంటారు. మైట్రల్ కవాటం సన్నబడిన జబ్బులో ఇవన్నీ ఉండవచ్చు. తెరిచినప్పుడు 4 నుండి 6 చదరపు సెంటీమీటర్లు ఉండవలసిన ద్వారం 1.5 చదరపు సెంటీమీటర్లకు కుదించుకుపోతే జబ్బు తీవ్రమైనట్లే.

ఆమె గర్భవతి అయితే ప్రమాదం ద్విగుణీకృతమవుతుంది. గర్భంలో రక్త పరిమాణం దాదాపు 40 నుండి 50 శాతం పెరుగుతుంది. నాడి వేగం పెరిగి వికాస దశ కుదించుకుపోతుంది. ఇరుకు ద్వారం గుండా, తక్కువ సమయంలో, ఎక్కువ రక్తం వెళ్ళవలసి రావడంతో అది ఊపిరితిత్తులలో నిలిచిపోతుంది. అంతవరకు ఏ లక్షణమూ లేని స్త్రీ ఆరు, ఏడు నెలల్లోనో, కాన్పు సమయంలోనో, కాన్పు అయిన వెంటనేనో హఠాత్తుగా ప్రాణాపాయంలో పడడానికి ఇదే కారణం. భూపాలపల్లి అటవీ గ్రామం నుండి గాని, మహబూబాబాద్ ఏజెన్సీ మండలం నుండి గాని అర్ధరాత్రి 108 వాహనంలో వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి చేరడమంటే ఎన్ని గంటలో ఆ దారిన పోయినవారికి తెలుసు. అయిదవ నెలలో తెలిసి ఉంటే మందులతో, విశ్రాంతితో, అవసరమైతే బెలూన్ చికిత్సతో తల్లీబిడ్డలను కాపాడే అవకాశం చాలా ఎక్కువ. జపాను శస్త్రవైద్యుడు కాంజి ఇనోవే 1984లో ప్రకటించిన ఈ పద్ధతిలో ఛాతీ కోయకుండానే తొడ దగ్గరి సిర గుండా బెలూన్‌ను పంపి, అతుక్కున్న కవాటపు రేకలను విడదీస్తారు. కవాటం మరీ గట్టిపడకుండా, ఎక్కువగా కారకుండా, కర్ణికలో రక్తపు గడ్డ లేకుండా ఉన్నవారికే అది పనికివస్తుంది. అందువలన కూడా ముందుగా గుర్తించడం ముఖ్యం.

ఈ మర్మరాన్ని వినాలంటే రోగిని ఎడమ ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. స్టెతస్కోపు గంట భాగాన్ని గుండె కొనపై తేలికగా ఆనించాలి. గది నిశ్శబ్దంగా ఉండాలి. చీర మీదనుంచి, చొక్కా మీదనుంచి, వరుసలో నిలబెట్టి, అర నిమిషంలో విన్నదానిని గుండె పరీక్ష అని పిలవలేము. స్త్రీల మర్యాదకు భంగం కలగకుండా ఒక తెర, ప్రక్కన ఒక నర్సమ్మ ఉంటే చాలు.

కవాటం మార్చినవారు వినవలసిన శబ్దం

ఆరోగ్యశ్రీ పథకం వలన కూలి కుటుంబాలకు కూడా కవాట మార్పిడి అందుబాటులోకి వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్ గారి నాయకత్వంలో రూపొంది, 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చిన చిత్ర కవాటం, విదేశీ కవాటాల కంటే తక్కువ ధరకు లభించి ఎందరికో ప్రాణం పోసింది.

లోహపు కవాటం అమర్చినవారి గుండె గడియారం వలె 'టిక్ టిక్' మంటుంది. రాత్రి నిశ్శబ్దంలో ప్రక్కనున్నవారికి కూడా అది వినిపించవచ్చు. ఆ శబ్దం స్పష్టంగా ఉన్నంతకాలం కొంత భరోసా. అది ఉన్నట్టుండి మందగించినా, ఆగినా, దానితో ఆయాసం వచ్చినా, కవాటంపై రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, తెల్లవారేదాకా ఆగరాదు. ఏసిట్రామ్ వంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలను "బాగానే ఉన్నాను కదా" అని మానివేయడం ఈ ఆపదకు ప్రధాన కారణం. ఐ.ఎన్.ఆర్. పరీక్షను వైద్యుడు చెప్పిన గడువులో చేయించుకోవాలి. ఆకుకూరలు పూర్తిగా మానవలసిన పనిలేదు, వారం వారం దాదాపు ఒకే మోతాదులో తింటే సరిపోతుంది. వైద్యుని అడగకుండా నొప్పి మాత్రలు, సూదులు వాడకూడదు. పన్ను తీయించుకునే ముందు కవాటం సంగతి చెప్పాలి. గర్భం ధరించదలచిన స్త్రీలు ముందుగానే గుండె వైద్యుని సంప్రదించాలి, ఎందుకంటే ఈ మాత్రలు గర్భస్థ శిశువుకు హాని చేయగలవు.

ఎకో ఉండగా స్టెతస్కోపు ఎందుకు?

ఇది న్యాయమైన ప్రశ్న. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితాలను గొట్టంగా చుట్టి గుండె చప్పుడు విన్ననాటి విద్యను పట్టుకొని వ్రేలాడడం నా ఉద్దేశం కాదు. కంబోడియా, మొజాంబిక్ దేశాలలో బడిపిల్లలను పరీక్షించి 2007లో ప్రకటించిన అధ్యయనంలో, చెవికి దొరికిన జబ్బు కంటే ఎకోలో దాదాపు పదింతలు బయటపడింది. ఉగాండాలో 818 మంది పిల్లలపై జరిపి 2021లో ప్రకటించిన పరిశోధన మరింత ఆశాజనకం. ఎకోలో మాత్రమే కనిపించే తొలిదశ జబ్బు ఉన్నవారికి రెండేళ్ళపాటు నెలనెలా పెన్సిలిన్ ఇస్తే, జబ్బు ముదిరినది 0.8 శాతం మందిలోనే. ఇవ్వని పిల్లలలో అది 8.2 శాతం.

అందుచేత స్టెతస్కోపుకు ఏమీ వినిపించలేదంటే జబ్బు లేదని హామీ కాదు. నేను ఈ సంగతిని దాచడం లేదు. అయితే ఎకో యంత్రం, దానిని చదవగల నిపుణుడు ప్రతి ఊరికీ వచ్చేవరకు, ఎవరిని ముందు పంపాలో నిర్ణయించేది చెవే. వికాస మర్మరం వినిపించిన గర్భిణి మూడు నెలల తరువాతి తేదీ కోసం ఎదురుచూడకూడదు. స్టిల్ మర్మరం మాత్రమే ఉన్న ఆరోగ్యవంతుడైన బాలుని తండ్రి గేదెను అమ్ముకోకూడదు. ఈ వివేచన యంత్రం ముందు చేరిన వరుసలో జరగదు, అంతకు ముందే జరగాలి.

ఏమి చేయవచ్చు?

మొదటిది, ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు వైద్యులు చేసే ప్రత్యేక పరీక్షలో గుండె పరీక్షను తప్పనిసరి చేయాలి. రక్తపోటు, బరువు, హిమోగ్లోబిన్ వ్రాసే కార్డులోనే 'గుండె శబ్దాలు' అన్న గడి ఉండాలి. ఖాళీగా వదిలిన గడిని పై అధికారి ప్రశ్నించాలి.

రెండవది, 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ బృందాలు ఏటా బడులకు వెళుతున్నాయి. వారు వెదకవలసిన జబ్బులలో రుమాటిక్ గుండె జబ్బు పేరు కూడా ఉంది. ఆ బృందాలకు ఏడాదికొకసారి గుండె శబ్దాల పునశ్చరణ శిక్షణ, పరీక్షకు ఒక నిశ్శబ్దమైన గది ఇవ్వాలి. గురుకులాలు, ఆశ్రమ పాఠశాలలు, కస్తూర్బా విద్యాలయాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. గొంతునొప్పి వచ్చిన తొమ్మిది రోజులలోపు పెన్సిలిన్ ఆరంభించినా రుమాటిక్ జ్వరాన్ని నివారించవచ్చునన్న సంగతి ప్రతి వార్డెన్‌కు తెలియాలి.

మూడవది, పెన్సిలిన్ పట్టిక. జబ్బు నిర్ధారణ అయినవారికి మూడు వారాలకొకసారి బెంజథిన్ పెన్సిలిన్ సూది ఇవ్వాలి. 27 కిలోల లోపు పిల్లలకు 6 లక్షల యూనిట్లు, ఆపైన 12 లక్షల యూనిట్లు. కవాటం దెబ్బతిన్నవారికి కనీసం 10 ఏళ్ళు లేక 40 ఏళ్ళ వయసు వచ్చేవరకు, ఏది ఎక్కువైతే అది. ఈ సూదంటే చాలా చోట్ల భయం ఉంది. తీవ్రమైన అలర్జీ అరుదు. కవాట వ్యాధి బాగా ముదిరి గుండె నీరసించినవారికి మాత్రం సూదికి బదులు మాత్రలు మేలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో సూచించింది. ఎవరికి సూది, ఎవరికి మాత్ర అన్నది వైద్యుడు నిర్ణయించాలి. తేదీ తప్పినవారి ఇంటికి ఆశా కార్యకర్త వెళ్ళే విధంగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక పుస్తకం ఉండాలి. క్షయ రోగులను ఆ విధంగా వెదకి మందు ఇవ్వగలిగిన వ్యవస్థకు ఇది అసాధ్యం కాదు.

నాలుగవది, మహబూబాబాద్‌లో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమయ్యాయి. ప్రతి కళాశాల ఆసుపత్రిలో వారానికి ఒక రోజు గ్రామాల నుండి పంపిన మర్మర రోగులకు ఎకో పరీక్ష కేటాయిస్తే, రోగికి వరంగల్, హైదరాబాదు ప్రయాణం తప్పుతుంది. విద్యార్థి తాను విన్న శబ్దాన్ని వెంటనే తెరపై చూసి నేర్చుకుంటాడు. ఈ అవకాశం మా తరానికి లేదు.

పాఠకులకు నా మనవి. మీ ఇంట్లో గర్భిణి ఉంటే 9వ తేదీన వెళ్ళినప్పుడు "గుండె కూడా ఒకసారి వినండి" అని వినయంగా అడగండి. దమ్ము మందులకు తగ్గని ఆయాసం ఉంటే ఎకో గురించి అడగండి. బిడ్డకు కీళ్ళు మారి మారి వాచితే, నొప్పి తగ్గిన తరువాత కూడా వైద్యునికి చూపించండి. పెట్టెలో దాచిన పాత చీటీ ఏదైనా ఉంటే, అందులో 'మర్మరం' అన్న మాట ఉంటే, ఈ వారమే దానిని బయటకు తీయండి.